కొండెక్కకముందు తిరుపతి

దర్శనం టోకెన్లిచ్చే విష్ణునివాసం దగ్గర తెల్లవారకముందే లైన్లో నించుంటే మా టోకెన్ మీద పడింది రాత్రి తొమ్మిది గంటలు. అంటే రోజంతా కిందే. మామూలుగా అయితే ఏం చేస్తామో తెలుసుగా, రూము తీసుకుని నిద్రపోతాం. లేదంటే కపిలతీర్థం, తిరుచానూరు, మంగాపురం అంటూ ఆటోవాళ్ళు తిప్పే చుట్టు ఒకటి చుట్టేస్తాం. చిన్నప్పటినుంచీ నాకు తిరుపతి ఊరంటే రైలు దిగి కొండ బస్సెక్కే చోటు, అంతే. ఈసారి నాతో వచ్చింది మా అత్తయ్యగారు. భీమవరం మనిషి. మోకాళ్ళు నొప్పులని ఇంట్లో రోజూ అంటూనే ఉంటారు గానీ, “పడుకోడానికి ఇంత దూరం రావాలా?” అని ఆవిడే నన్ను లేవదీశారు.

స్టేషన్ ఎదురు సందులో ఇడ్లీ తిన్నాం. రెండు ఇడ్లీ అరవై రూపాయలు. సాంబారు రెండోసారి అడిగితే వాడు చూసిన చూపు వేరే.

గోవిందరాజస్వామి గుడికి నడిచే వెళ్ళాం. మట్ల అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గోపురాన్ని, ఇత్తడి సామాన్ల కొట్ల మధ్యలో ఆగి, మెడ వెనక్కి వంచి చూడాలి. 1130 ప్రాంతంలో రామానుజులవారు ఇక్కడ స్వామిని ప్రతిష్ఠించారంటారు. లోపల గోవిందరాజస్వామి పడుకుని ఉంటాడు, తలకింద కుంచం. తమ్ముడి పెళ్ళికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పుకి డబ్బు కొలిచి కొలిచి అలిసిపోయి నడుం వాల్చాడని కథ. మా అత్తయ్యగారు ముప్పై ఏళ్ళు వీధిలో చిట్టీలు నడిపిన మనిషి. “అసలు అలాగే ఉంది, వడ్డీకే ఇలా అయిపోయాడు పాపం” అని దణ్ణం పెట్టుకున్నారు.

అక్కణ్ణుంచి గుడిమల్లంలో పాత శివుడి గుడికి వెళ్దామన్నది నా కోరిక. ఆటో అడిగితే పదిహేను వందలు. “వెయిటింగ్‌తో కలిపే క్కా, రానూపోనూ” అన్నాడు, మనకేదో మేలు చేస్తున్నట్టు. అత్తయ్యగారు అతనికి జవాబైనా చెప్పకుండా బస్టాండు వైపు నడిచారు. పల్లెవెలుగు బస్సులో ఆధార్ చూపించగానే కండక్టరు జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచితం కదా. సీటు మాత్రం రేణిగుంట దాటాకే దొరికింది. పక్కన కూర్చున్నావిడ “యాడికి పోతా ఉండారు?” అని అడిగి, గుడిమల్లం అనగానే, “కొండకి పోకుండా ఆడికా!” అని ఆశ్చర్యపోయింది. పాపానాయుడుపేటలో దిగి షేర్ ఆటో ఎక్కాం. గాజుపూసలు చేసే ఊరది. ఆగి చూడాలనుంది గానీ, ఆటో నిండాక డ్రైవరు ఆగుతాడా?

పరశురామేశ్వరుడి గుడి చిన్నది. వెనక వైపు గజపృష్ఠం, ఏనుగు వీపులా గుండ్రంగా. క్యూ లేదు, మూడు వందల టికెట్టు లేదు, “జరగండి జరగండి” అని నెట్టే చేతులు లేవు. గర్భగుడి నేల మట్టానికి బాగా కిందికి ఉంది. అక్కడ దీపం వెలుగులో అయిదడుగుల లింగం, ముదురు గోధుమరంగు రాయి, నున్నగా మెరుస్తోంది. దాని ముందుభాగం మీద శివుడు మనిషిలా నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో పొట్టేలు, సంతలో కోడిని పట్టుకున్నట్టు కాళ్ళు పట్టుకుని తలకిందులుగా. ఇంకో చేతిలో చిన్న చెంబు, భుజం మీద గొడ్డలి. కాళ్ళ కింద పొట్టి యక్షుడొకడు, ఆ బరువు వాడికి ఏమీ కానట్టే ఉంది మొహం. క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటిదని చాలామంది పండితులంటారు, అంత పాతది కాదనేవాళ్ళూ ఉన్నారు. 1911లో పురావస్తు పండితుడు గోపీనాథరావుగారు దీన్ని పదిమందికీ చూపించేదాకా చుట్టుపక్కల ఊళ్ళకి తప్ప ఎవరికీ పెద్దగా తెలియదట. అరవై ఏళ్ళకోసారి గర్భగుడిలో నీళ్ళు ఊరి లింగం మునుగుతుందని పూజారిగారు చెప్పారు.

“ఇంత పెద్దాయన్ని చూడ్డానికి ఎవరూ రారా?” అన్నారు అత్తయ్యగారు.

“శివరాత్రికి వస్తారమ్మా. మిగతా రోజుల్లో ఫారినోళ్ళు.”

పావుగంట నిలబడ్డాం. కొండమీద నాకెప్పుడూ పావు నిమిషం కూడా దొరకలేదు. ఆ మాట గట్టిగా అంటే అత్తయ్యగారు కోప్పడతారని అనలేదు.

తిరిగి గాంధీ రోడ్డుకొచ్చేసరికి మూడు దాటింది, కడుపు మండిపోతోంది. వెనక సందులో మెస్ లాంటి ఇల్లు, బయట బోర్డు మీద సంగటి, నాటుకోడి. దర్శనం ముందు కోడేమిటని వెనక్కి తిరగబోతుంటే లోపలినుంచి ఒకావిడ, “పితికిపప్పు పులుసు ఉందమ్మా, రండి” అని పిలిచింది. సంక్రాంతి వెళ్ళిన వారమే, అనపకాయల కాలం. పెరటి గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు బేసిన్ ముందేసుకుని, నానబెట్టిన గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కుతున్నారు. టప్పుమని పచ్చటి పప్పు గిన్నెలో పడుతోంది, తొక్క వేళ్ళకే అంటుకుంటోంది. ఎంత పనో! కూర గిన్నెడు కావాలంటే పూటంతా పితకాలి.

ఆకులో వేడి సంగటి ముద్ద, నడుమ గుంట చేసి నెయ్యి, పక్కన పులుసు. కొబ్బరి, గసాలు, ధనియాలు, తెల్లగడ్డ నూరి పోశారు. కారం చెవుల్లోకి వెళ్ళింది. అత్తయ్యగారు సంగటి నమలడం చూసి ఆవిడ నవ్వింది, “నమలకూడదమ్మా, పులుసులో తిప్పి మింగేయాల.” మూడో ముద్దకి దారిలో పడ్డారు. చేపల పులుసు తప్ప పులుసే కాదనే మనిషి రెండోసారి అడిగి వేయించుకున్నారు. మనిషికి నూట ఇరవై. పొద్దుటి ఇడ్లీ లెక్కన ఇది ఊరికే పెట్టినట్టు.

అంతటితో ఆగలేదు. చెయ్యి కడుక్కుని నేరుగా పెరట్లోకెళ్ళి ఆ ఇద్దరి పక్కన పీట లాక్కుని కూర్చున్నారు. మొదటి గింజ ఎగిరి గోడకి తగిలింది. తర్వాత కుదిరింది. గంటసేపు అక్కడే, ఎవరి కోడలు ఎలాంటిదో మాట్లాడుకుంటూ. నేనక్కడే ఉన్నానన్న మొహమాటం కూడా లేదు.

వస్తూ మార్కెట్లో రెండు కిలోల అనపకాయలు కొన్నారు. బేరమాడి కిలోకి పది తగ్గించారు కూడా. ఆ సంచితోనే కొండ బస్సెక్కాం. అలిపిరి తనిఖీలో కానిస్టేబులమ్మాయి సంచి తెరిచి, వాసన చూసి, “మీకు పితకడం వచ్చునా అమ్మా?” అంది.

“మధ్యాహ్నమే నేర్చుకున్నా.”

“అయితే కంపార్ట్‌మెంట్లో కూచోని కాయలు ఒలుచుకోండి, శానా టైముంటాది.”

లగేజీ కౌంటర్లో పెట్టాల్సొచ్చింది గానీ, లేకపోతే నిజంగానే ఒలిచేవారు.