అమ్మ దగ్గు, పాపాయి బారసాల

మా అక్క కూతురి బారసాల రోజున అమ్మ మనవరాలిని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. మేమే ఎత్తుకోనివ్వలేదు. ప్రసవానికి వారం ముందు అమ్మకి జ్వరం వచ్చింది, మూడు రోజుల్లో తగ్గిపోయింది, కానీ పొడి దగ్గు మాత్రం పట్టుకుని వదల్లేదు. బారసాల నాటికి నాలుగు వారాలు. పంతులుగారు పళ్ళెంలో పోసిన బియ్యం మీద బావ చేత పాప పేరు రాయిస్తుంటే అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి చూసింది. "ఆ దగ్గు పూర్తిగా తగ్గేదాకా పిల్ల జోలికి రాకే" అని మా పెద్దమ్మ గట్టిగానే చెప్పింది. అందరం సరే అన్నాం.

అదే సమయానికి ఉయ్యాల దగ్గర ఇంకో బాబు ఉన్నాడు, మూడేళ్ళుంటాయి, బంధువుల పిల్లాడే. పొద్దున్నుంచే ముక్కు కారుతోంది. రాత్రి బస్సులో ఏసీ పడలేదని వాళ్ళమ్మ అంది, మేమూ అదే అనుకున్నాం. వాడు పాపాయి వేళ్ళు పట్టుకుని, బుగ్గల మీద ముద్దులు పెడుతుంటే చూడముచ్చటగా ఉందని ఫోటోలు కూడా తీసుకున్నాం.

ఐదో రోజుకి పాప సరిగ్గా పాలు తాగడం మానేసింది. రెండు గుక్కలు తాగి వదిలేస్తోంది, మళ్ళీ ఏడుస్తోంది. ఆ రాత్రి అక్క లైటు వేసి చొక్కా పైకెత్తి చూపించింది: పాప ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది, మనవాళ్ళు డొక్కలు ఎగరేయడం అంటారే, అదే. తెల్లవారకుండానే ఆసుపత్రికి పరిగెత్తాం. ఆర్‌ఎస్‌వి అనే వైరస్ అన్నారు, దాని వల్ల ఊపిరితిత్తుల్లో సన్నని గొట్టాలు వాచిపోయే బ్రాంకియోలైటిస్ అన్నారు. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. మనకైతే మామూలు పడిశంలా వచ్చి పోయే వైరస్ నెలలోపు పసికందుకి ఇంత పని చేస్తుందని మాలో ఒక్కరికీ తెలియదు.

ఆ నాలుగు రోజులూ అమ్మ వార్డు బయట కుర్చీలో కూర్చుని ఏడుస్తూనే ఉంది. నా దగ్గే పిల్లకి అంటుకుంది అని. ఎవరూ కాదనలేదు, ఎందుకంటే లోపల అందరం అదే అనుకుంటున్నాం.

రెండో రోజు పిల్లల డాక్టరుగారు ఆ మాట విని ఆగి, అమ్మని ఒకే ప్రశ్న అడిగారు. "జ్వరం మొదలైంది ఏ రోజమ్మా?" అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి నెల దాటింది అని చెప్పింది. మళ్ళీ జలుబు గానీ జ్వరం గానీ కొత్తగా వచ్చిందా అంటే లేదంది. "అయితే మీ నుంచి కాదు, నిశ్చింతగా ఉండండి" అన్నారాయన. ఎవరి నుంచి వచ్చిందో ఖచ్చితంగా చెప్పలేమన్నారు, ఆ రోజు ఇంట్లో అరవై మంది ఉన్నారు మరి. కానీ సోకిన నాలుగు నుంచి ఆరు రోజుల్లో ఆర్‌ఎస్‌వి లక్షణాలు కనబడతాయనీ, ఆ లెక్కన ముందు చూడాల్సింది అప్పుడే జలుబు మొదలైనవాళ్ళనీ చెప్పారు.

అప్పటి నుంచి దీని గురించి దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. మనం దూరం పెట్టే మనిషీ తప్పే, దూరం పెట్టే సమయమూ తప్పే అని నాకు అర్థమైంది.

వైరస్ ఒంట్లోకి వచ్చాక ముక్కులో, గొంతులో లెక్కలేనన్నిగా పెరుగుతుంది. ఆ పెరుగుదల చాలా వైరస్‌లలో లక్షణాలు మొదలయ్యే సమయానికే, లేదంటే ఆ తర్వాత ఒకటి రెండు రోజులకి శిఖరానికి చేరుతుంది. తర్వాత మన రోగనిరోధక శక్తి దాన్ని తుడిచిపెట్టడం మొదలుపెడుతుంది. అంటే "కాస్త ముక్కు కారుతోంది, అంతే" అనే మొదటి రోజు మనిషి చాలా ప్రమాదకరం, మూడు వారాలుగా ఖళ్ళుఖళ్ళున దగ్గే మనిషి చాలాసార్లు అసలు ప్రమాదమే కాదు. వైరస్ పోయినా, అది గాయం చేసిన శ్వాసనాళాల లోపలి పొర మానడానికి టైం పడుతుంది. గాలి తగిలినా, చల్లనీళ్ళు తాగినా దగ్గు వస్తూనే ఉంటుంది. మామూలు వైరల్ దగ్గు సగటున రెండున్నర వారాలు ఉంటుంది, కొందరికి ఎనిమిది వారాల దాకా సాగుతుంది. (ఒక్క మాట, మన దగ్గర టీబీ ఉంది కాబట్టి రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా కళ్ళె పరీక్ష చేయించాల్సిందే. అమ్మకి అప్పటికే చేయించాం, లేదని తేలింది.)

ఫ్లూ అయితే లక్షణాలకి ఒక రోజు ముందు నుంచి, తర్వాత ఐదు నుంచి ఏడు రోజుల దాకా అంటుకుంటుంది, మొదటి మూడు నాలుగు రోజులు మరీ ఎక్కువ. ఆర్‌ఎస్‌వి మామూలుగా 3 నుంచి 8 రోజులు, అదీ లక్షణాలకి ఒకటి రెండు రోజుల ముందే మొదలవ్వచ్చు. అయితే పసిపిల్లలు, కీమో తీసుకునేవాళ్ళు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు నాలుగు వారాల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం వైరస్‌ని వదులుతూ ఉంటారు. మా పాప డిశ్చార్జి అయ్యాక కూడా ఇంకో పసిబిడ్డ ఉన్న పక్కింటికి తీసుకెళ్ళొద్దని డాక్టరుగారు చెప్పింది అందుకే. ఈ రోజుల లెక్కలు అందరికీ ఒకేలా కుదరవు.

కోవిడ్ మనకి ఇంత కష్టం తెచ్చిపెట్టడానికి కూడా ఈ లెక్కే ఒక కారణం. 2003లో సార్స్ అని కోవిడ్‌కి దగ్గరి జాతి వైరస్ జబ్బు వచ్చినప్పుడు రోగి నుంచి వైరస్ ఎక్కువగా బయటికి వచ్చింది జబ్బు ముదిరాక, రెండో వారంలో. అప్పటికి మనిషి ఆసుపత్రిలో ఉంటాడు, కాబట్టి జ్వరం ఉన్నవాళ్ళని విడిగా పెడితే దాన్ని ఆపగలిగారు. కోవిడ్ అలా కాదు, జ్వరం రాకముందే, మనిషి మామూలుగా ఆఫీసుకి వెళ్ళి వస్తున్నప్పుడే అంటుకుంది. ఇంపీరియల్ కాలేజ్ లండన్ వాళ్ళు ఇళ్ళల్లో ఉన్నవాళ్ళ దగ్గర రోజూ శాంపిల్ తీసుకుని చేసిన పరిశోధన 2022లో వచ్చింది. అందులో లక్షణాలు మొదలైన ఐదు రోజులకి మూడింట రెండొంతుల మంది, ఏడు రోజులకి నాలుగో వంతు మంది ఇంకా అంటించే స్థితిలోనే ఉన్నారు. మన దేశంలో 2022 జనవరి 5న హోమ్ ఐసోలేషన్‌ని ఏడు రోజులకి తగ్గించి, చివరి మూడు రోజులు జ్వరం ఉండకూడదని షరతు పెట్టారు. ఏడో రోజు దాటాక కూడా మాస్కు తీయొద్దని ఎందుకు చెప్పారో ఆ నాలుగో వంతుని చూస్తే తెలుస్తుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కథ నాది. 2021 మేలో నాకు కోవిడ్ తగ్గాక, నెగటివ్ రిపోర్టు తెస్తే తప్ప గదిలోకి రానివ్వమని హాస్టల్ వాళ్ళు అన్నారు. 22వ రోజున కూడా ఆర్‌టీపీసీఆర్ పాజిటివే. టెన్షన్‌తో నిద్ర లేదు. ఆ పరీక్ష బతికున్న వైరస్‌నే కాదు, చచ్చిపోయిన వైరస్ తునకల్ని కూడా పట్టుకుంటుందనీ, అలా వారాల తరబడి, ఒక్కోసారి మూడు నెలల దాకా పాజిటివ్ చూపించొచ్చనీ నాకెవరూ చెప్పలేదు. స్వల్ప లక్షణాలవాళ్ళని ఇంటికి పంపేముందు మళ్ళీ పరీక్ష అక్కర్లేదని కేంద్రం 2020 మేలోనే చెప్పింది, అది హాస్టల్ దాకా చేరలేదు.

ఇంకొకటి, పారాసిటమాల్. పొద్దున ఒక డోలో వేసి పిల్లల్ని బడికి పంపేవాళ్ళని రోజూ చూస్తున్నాం, వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు, సెలవు దొరకదు. కానీ ఆ మాత్ర ఒంటి వేడిని తగ్గిస్తుంది, వైరస్‌ని ముట్టుకోదు. మాత్ర వేయకుండా కనీసం ఒక రోజంతా జ్వరం లేకుండా ఉంటేనే తగ్గినట్టు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024 మార్చిలో అన్ని శ్వాసకోశ వైరస్‌లకీ కలిపి ఇచ్చిన సలహా కూడా ఇదే: మందు లేకుండా 24 గంటలు జ్వరం లేకపోవాలి, మిగతా లక్షణాలు తగ్గుముఖం పట్టాలి, ఆ తర్వాత ఇంకో ఐదు రోజులు మాస్కు, గాలి వెలుతురు, కాస్త ఎడం పాటించాలి. ఇంట్లో పసిబిడ్డ గానీ ముసలివాళ్ళు గానీ ఉంటే ఆ ఐదు రోజుల్ని వదిలేయొద్దని నా మనవి.

బాలింతకే జలుబు చేస్తే ఏం చేయాలని ఇద్దరు ముగ్గురు అడిగారు. పాలు ఆపకండి. చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని ఇవ్వండి.

వచ్చే గురువారం మా పాపకి అన్నప్రాసన, ఐదో నెల వచ్చింది. నిన్న బంధువుల గ్రూపులో అక్క ఒక మెసేజ్ పెట్టింది: జలుబు, జ్వరం కొత్తగా మొదలైనవాళ్ళు ఏమీ అనుకోకుండా ఆగండి, పాత దగ్గువాళ్ళు డాక్టరుకి చూపించుకుని ఉంటే నిరభ్యంతరంగా రండి. రాత్రి తొమ్మిదింటికి ఆ బాబు వాళ్ళమ్మ ఫోన్ చేసింది, గొంతులో భయం తెలుస్తోంది. "అత్తయ్యా, వీడికి మళ్ళీ ఇవాళే ముక్కు కారుతోంది, మేం రాలేం" అంది. అమ్మ పాపని భుజం మీద వేసుకుని జోకొడుతూనే మాట్లాడింది. "దానికంత బాధెందుకమ్మా, ఒక పది రోజులాగి రండి. పాయసం వాడి కోసం మళ్ళీ వండుతాను."