కాళ్లు చూసి పేరు పెట్టేయకండి

రెడ్-లెగ్డ్ హనీక్రీపర్, పర్పుల్ హనీక్రీపర్ అని రెండు చిన్న పిట్టలున్నాయి. మొదటిదానికి ఎర్ర కాళ్లు, రెండోదానికి పసుపు కాళ్లు. పుస్తకాల బొమ్మల్లో ముందు కనిపించే తేడా అదే. చెట్టు కింద నిలబడి తలెత్తితే ముందు కనిపించనివి ఆ కాళ్లే. పన్నెండు సెంటీమీటర్ల పిట్ట పూలగుత్తిలో తల దూర్చి, దాని వెనక ఆకాశం వెలుగుతుంటే రెండూ నల్లగానే ఉంటాయి. (తేనెపిట్టలంటే మనకు గుర్తొచ్చే సన్‌బర్డ్‌లతో వీటికి దగ్గరి చుట్టరికం లేదు. ఇవి అమెరికా ఖండాల టానజర్ అనే పక్షుల కుటుంబంవి.)

మగపిట్టయితే ముందు గొంతు చూడండి. పర్పుల్‌కి ముక్కు కిందంతా నలుపు, రెడ్-లెగ్డ్‌కి గొంతు కూడా నీలమే. పిట్ట అటు తిరిగితే వీపు చెప్పేస్తుంది: రెడ్-లెగ్డ్‌ది నలుపు, పర్పుల్‌ది ఊదా. నడినెత్తిన లేత మణినీలం టోపీ ఉంటే అది రెడ్-లెగ్డే. ఎగిరినప్పుడు దాని రెక్క లోపలివైపు నిమ్మపండు పసుపు తళుక్కుమంటుంది. ఆకారంలో పర్పుల్ కాస్త పొట్టి. తోక కురచ, వంకర ముక్కు మాత్రం ఒంటికి మించినంత పొడవు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడ కాదు. గూడు కాలం అయిపోయాక రెడ్-లెగ్డ్ మగపిట్ట నీలం ఈకలు రాల్చి ఆకుపచ్చగా మారుతుంది. ఆడదనుకుని రాసేసుకుంటారు. రెక్కలూ తోకా చూడండి: మగదానికి అప్పుడు కూడా అవి నల్లగానే ఉంటాయి, ఆడదానికి ఆకుపచ్చ. పర్పుల్ మగపిట్టకి ఈ వేషం మార్పు లేదు.

ఆడవాటిని పోల్చడమే సులువని నా అభిప్రాయం. పర్పుల్ ఆడదానికి ముక్కు మొదట్లో, గొంతు మీద దాల్చినచెక్క రంగు, దాని అంచున నీలం మీసంలాంటి చార. కింద లేతపసుపు మీద ఆకుపచ్చ గీతలు స్పష్టంగా ఉంటాయి. రెడ్-లెగ్డ్ ఆడదానికి ఇవేవీ లేవు. వెలిసిన ఆకుపచ్చ, కంటిపైన పాలిపోయిన చార, రొమ్ము మీద కనీకనిపించని గీతలు, అంతే.

ఎక్కడ చూశారన్నది కూడా లెక్కే. ట్రినిడాడ్‌లో, అమెజాన్ అడవుల్లో రెండూ ఉంటాయి. దక్షిణ మెక్సికోలో, క్యూబాలో ఈ రెండిట్లో ఉండేది రెడ్-లెగ్డే. కోస్టారికాలో పసుపు కాళ్లు, నల్ల గొంతు కనిపించాయని పర్పుల్ అని రాసుకోకండి. అక్కడ అది మూడో చుట్టం, షైనింగ్ హనీక్రీపర్.