పాపం బ్యాటరీ

తెనాలిలో మా ఇంటి షెడ్డులో ఒక తెల్ల కారుంది. 1997 మోడల్, మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటర్ బండి, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకి అందించే పాతకాలపు ఏర్పాటున్న బండి. పేరు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో వీధికొకటి ఉండేది. పదిహేనేళ్లు నిండాక 2012లోనూ, ఆ తర్వాత అయిదేళ్లకోసారీ నాన్న ఆర్సీ రిన్యూవల్ చేయిస్తూనే వచ్చారు. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయన నడపడం మానేశారు. అప్పట్నుంచీ నేను హైదరాబాద్ నుంచి వచ్చి తీస్తేనే అది ఎండ చూసేది. అంటే నెలకో, రెండు నెలలకో ఒకసారి.

వచ్చిన ప్రతిసారీ ఒకటే తంతు. తాళం తిప్పితే సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. పది పన్నెండు సార్లు కొట్టేసరికి సెల్ఫ్ నీరసపడిపోయి, ఆఖరికి టిక్కు టిక్కుమని ఊరుకుంటుంది. అప్పుడు ఎదురింటి కుర్రాళ్లను బతిమాలి తోయించడం. ఒక్కసారి అంటుకుందా, ఇక ఆ రోజంతా దాని అంత బుద్ధిమంతురాలు లేదు. గుంటూరు వెళ్లొచ్చి ఆపి, గంట తర్వాత తాళం తాకితే చాలు.

ఈ ఆఖరి ముక్కలోనే అసలు సంగతంతా ఉంది. నాకు మాత్రం ఆ టిక్కు టిక్కే చెవిలో ఉండిపోయింది. బ్యాటరీ పోయిందని తీర్మానించేసి, పాతది ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది వేయించాను. నెల తర్వాత వస్తే మళ్లీ అదే కథ. నిలబెట్టిన బండిలో బ్యాటరీ దిగిపోతుందని ఎవరో చెబితే, ఊరెళ్లేటప్పుడు నెగిటివ్ టెర్మినల్ ఊడదీసి పెట్టడం మొదలుపెట్టాను. మీటరు పెడితే 12.5 వోల్టులు చూపించింది. నిక్షేపంలాంటి బ్యాటరీ. అయినా బండి కదల్లేదు. తర్వాత ప్లగ్గులు మార్చాను, ప్లగ్ వైర్లు మార్చాను, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మార్చాను. ఎంతైందో ఇక్కడ రాయను, ఇది అమ్మ కూడా చదువుతుంది.

మే నెలలో ఒక రోజు పొద్దున్నే అమ్మను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తొమ్మిదింటికి అపాయింట్‌మెంట్. ఎనిమిదిన్నర దాకా సెల్ఫ్ కొట్టీ కొట్టీ ఆటో పిలిచాను. ఆటో ఎక్కుతూ అమ్మ ఏమీ అనలేదు. నాన్నే గేటు దగ్గర నిలబడి, "చెప్తే వినవు గదా, ఆ బాబాయ్‌ని పిలిపియ్యరా" అన్నారు. ఆ బాబాయ్ అంటే, ఇరవై ఏళ్లు మా కారు చూసిన మెకానిక్. ఈమధ్య షెడ్డు మూసేసి ఇంట్లోనే ఉంటున్నాడు. కంప్యూటర్ పెట్టి చూసే మెకానిక్కులున్నారు కదా, ఆయనెందుకులే అనుకున్నాను ఇన్నాళ్లూ. కార్బురేటర్ బండికి కంప్యూటర్ ఎక్కడ తగిలిస్తారో మాత్రం నాకు తట్టలేదు.

సాయంత్రం వచ్చాడు. తాళం అడగలేదు.

"అబ్బాయ్, ఎప్పుడు స్టార్టవుద్ది, ఎప్పుడు కాదు?"

ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. నెల తర్వాత అవదు, గంట తర్వాత అవుతుంది అన్నాను. "అయితే కరెంటు మీద అనుమానం వద్దు" అని, చెవి మీద బీడీ తీసి జేబులో పెట్టుకుని బానెట్ ఎత్తాడు. ఎయిర్ క్లీనర్ మూత విప్పి, కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి నన్ను వంగి చూడమన్నాడు. చేత్తో యాక్సిలరేటర్ లివర్ లాగాడు. పెట్రోలు ఉంటే లాగినప్పుడల్లా లోపల దారమంత సన్నటి ధార కొట్టాలి. ఏమీ కొట్టలేదు. మళ్లీ లాగాడు, చుక్క లేదు. పొద్దున అరగంట సెల్ఫ్ కొట్టినా కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నె ఎండిపోయే ఉంది. నేను తగలేసిందంతా బ్యాటరీనే. టిక్కు టిక్కు రోగం కాదు, నేను చేసిన నిర్వాకానికి అది పెట్టిన మూలుగు.

పెట్రోలు ఫిల్టర్ చిన్న ప్లాస్టిక్ డబ్బా, బయటికే కనిపిస్తుంది. అదీ ఖాళీనే. ఇక మిగిలినవి రెండు: ఇంజను పక్కనున్న పెట్రోలు పంపు, వెనక ట్యాంకు నుంచి దాని దాకా వచ్చే లైను. పంపు కొందామా అని నోరు తెరిచాను. ఆయన వినిపించుకోకుండా పంపుకి వచ్చే గొట్టం పీకి, అక్కడ ఒక చిన్న గొట్టం తొడిగి, రెండో కొసను సీసాలో ఉన్న పెట్రోల్లో ముంచి నన్ను పట్టుకోమన్నాడు. నాన్న వెళ్లి సీట్లో కూర్చుని తాళం తిప్పారు. సీసాలో పెట్రోలు దిగడం కనిపించింది. ఏడెనిమిది సెకన్లలో ఇంజను అందుకుంది.

పంపు బాగానే ఉందన్నమాట. వెనక చక్రం జాకీ మీద లేపి, కింద చెక్క దిమ్మలు పెట్టి, ట్యాంకు దగ్గర జానెడు రబ్బరు గొట్టం విప్పి తెచ్చాడు. పైకి బాగానే ఉంది, తడి కూడా లేదు. రెండు చేతులా వంచితే మడమ పగుళ్లలా నోళ్లు తెరిచింది. లైను పొడుగునా పెట్రోలు లీకై కారుతుందేమోనని నేను ఎప్పుడో చూశాను, వాసన కూడా లేదు. ఎందుకు ఉంటుంది? పంపు ముందుంది, ట్యాంకు వెనకుంది. ఆ గొట్టంలో పెట్రోలును తోయడం కాదు, పీల్చడం. కాబట్టి చిల్లు పడితే పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బండి నిలబడితే లైనులో ఉన్నది వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది, గిన్నెలో ఉన్నది తెనాలి ఎండకి ఆవిరైపోతుంది. నెల తర్వాత సెల్ఫ్ కొడితే పంపు గాలిని పీల్చుకుంటూ కూర్చుంటుంది. గంటలో అయితే గిన్నె ఇంకా నిండుగానే ఉంటుంది గనక తాళం తాకగానే స్టార్టు.

ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ ఇరవై శాతం కలిపిన పెట్రోలు. 1997 నాటి రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. అందుకని ఇథనాల్‌కి తట్టుకునే గొట్టమే అడిగి తెచ్చి, ఆ జానెడే కాకుండా లైనులో రబ్బరు ఉన్న ప్రతిచోటా మార్చేశాం. క్లిప్పులతో కలిపి ఆరువందలు దాటలేదు.

నెలకోసారి తీసే కార్బురేటర్ బండి ఇప్పటికీ ఒక్క దెబ్బకి స్టార్టవదు, గిన్నె ఎలాగూ ఆరుతుంది. ముందు చోక్, అంటే చల్లటి ఇంజనుకి గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట, లాగకుండా ఏడెనిమిది సెకన్లు సెల్ఫ్ కొట్టి, అరనిమిషం ఆగాలి. సెల్ఫ్ మోటారు చల్లారుతుంది, బ్యాటరీ ఊపిరి తీసుకుంటుంది. అప్పుడు చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి వదిలేసి కొట్టాలి. మొన్న వెళ్లినప్పుడు రెండోసారికే అందుకుంది. నాన్న వాకిట్లో పేపరు మడిచి, చోక్ లోపలికి నెట్టమని సైగ చేశారు.