బడ్జెట్ క్రూయిజ్‌లో గది ఎంచుకోవడం: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

విజయవాడ, గుంటూరు వాళ్లకు ఓడ ఎక్కడానికి దగ్గరి రేవు చెన్నై, అప్పుడప్పుడు విశాఖ. వానాకాలంలో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అందుకే ముంబై నుంచి తిరిగే కార్డెలియా క్రూయిజ్ సంస్థ వాళ్ల ఎంప్రెస్ ఓడ ఆ నెలల్లో తూర్పు తీరానికి వస్తుంటుంది. 2022 జూన్‌లో చెన్నై, విశాఖ కలుపుతూ నడిచింది. 2023లో చెన్నై నుంచి శ్రీలంక దాకా వెళ్లింది. దారులు ఏటా మారతాయి గానీ గది చూసుకునే పద్ధతి మారదు. బుకింగ్ చేసేటప్పుడు నేను ఏవి చూస్తానో ఆ వరసలోనే రాస్తున్నాను.

ముందు రేటు సంగతి. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది ఒక మనిషికి, అదీ గదిలో ఇద్దరు ఉంటేనే. దాని మీద పోర్ట్ ఛార్జీలు, సర్వీస్ ఛార్జీ, జీఎస్టీ పడతాయి. గవర్నర్‌పేటలో ఏజెంటును అడిగినా, బ్రాడీపేటలో అడిగినా నా ప్రశ్న ఒక్కటే: "అన్నీ కలిపి, మా అందరికీ, చివరికి కట్టేది ఎంత?" ఆ అంకె కాగితం మీదో వాట్సాప్‌లోనో రాసి పంపమంటాను. సింగపూర్ నుంచి బయల్దేరే పెద్ద ఓడల్లో టిప్పులు టికెట్‌లో ఉండకపోవచ్చు. రోజుకింత, మనిషికింత అని ఓడలోని మన ఖాతాలో పడతాయి, అవీ ఇప్పుడే కలుపుకోవాలి. ఒక్కరే వెళ్తే దాదాపు ఇద్దరి డబ్బు కట్టాల్సి వస్తుంది. అదే గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి టికెట్ బాగా తగ్గుతుంది గానీ పోర్ట్ ఛార్జీలు మాత్రం తగ్గవు. పిల్లలకైనా అంతే.

తర్వాత కిటికీ కావాలా వద్దా అన్న లెక్క. ఉదాహరణకు రెండు రాత్రుల ప్రయాణం, కిటికీ లేని ఇన్‌సైడ్ గది తలకి 16 వేలు, కిటికీ ఉన్న ఓషన్ వ్యూ 20 వేలు అనుకుందాం. ఇద్దరికి తేడా 8 వేలు, పైన పన్ను. అంటే కిటికీకి రాత్రికి 4 వేల పైచిలుకు అద్దె కడుతున్నట్టు. మొదటి రోజు గదిలోకి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఓడ కదిలేసరికి సాయంత్రం, కాసేపటికే చీకటి. చివరి రోజు పొద్దున్నే దించేస్తారు. పగటి వెలుతురులో ఆ కిటికీ ముందు కూర్చునేది మధ్యలో ఉన్న ఆ ఒక్క రోజే, అదీ భోజనాలు, ఈత, షోలు పోగా మిగిలిన గంటలు. రెండు మూడు రాత్రులకైతే ఇన్‌సైడ్ చాలు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. సముద్రం చూడటానికి పై డెక్ (ఓడ పై అంతస్తు) ఉంది, దానికి ఎవరూ డబ్బు అడగరు.

నాలుగైదు రాత్రులై, మధ్యలో రేవు తగలని రోజులు ఉండి, మధ్యాహ్నం నడుం వాల్చే పెద్దవాళ్లో పాలుతాగే బిడ్డో ఉంటే మాత్రం కిటికీకి డబ్బు పెట్టడం న్యాయమే. మూసుకున్న గదిలో ఊపిరాడనట్టు ఉండేవాళ్లకైతే ఒక్క రాత్రైనా ఇన్‌సైడ్ వద్దు. బాల్కనీ సంగతి వేరు. ఎంప్రెస్ 1990లో ఫ్రాన్స్‌లోని సాంనజైర్ రేవులో తయారైన ఓడ. అప్పటి ఓడల్లో బాల్కనీలు తక్కువ. అందుకే అందులో బాల్కనీ అంటే సూట్ రేటే, బడ్జెట్ లెక్కకు అందదు.

ఇక అసలు విషయం, గది ఎక్కడ ఉంది అన్నది. చాలామంది గది రకం చూస్తారు, చోటు చూడరు. డబ్బుకు తగ్గ సుఖం దొరికేదీ దొరకనిదీ ఎక్కువగా చోటును బట్టే.

అలల మీద ఓడ ఊగుడుబల్ల లాగా ముందూ వెనకా లేస్తూ దిగుతూ ఉంటుంది. నడిమధ్య కదలిక తక్కువ, రెండు కొసల్లో ఎక్కువ. పక్కలకు ఒరగడం పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. ఒరగడాన్ని తగ్గించడానికి ఓడ అడుగున రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి గానీ ముందువెనకల ఊపును అవి ఆపలేవు. కాబట్టి తక్కువ డెక్, నడిమధ్య గది అన్నిటికన్నా నిలకడగా ఉంటుంది. మనకు కలిసొచ్చేది ఏమిటంటే రేటు తక్కువ ఉండేదీ కింది డెక్కుల్లోనే. 'అప్పర్', 'ప్రీమియర్' అని ఎక్కువ తీసుకునే ఇన్‌సైడ్ గదుల్లో చాలాసార్లు పెరిగేది ఎత్తే, గది వైశాల్యం కాదు. వాంతులు అయ్యే మనిషి ఇంట్లో ఉంటే ఆ ఎత్తుకు డబ్బు కట్టి మరీ ఇబ్బంది కొనుక్కున్నట్టవుతుంది.

కింది డెక్కుల్లోనూ వదిలేయాల్సినవి ఉన్నాయి. బాగా ముందున్న గదులకు లంగరు గొలుసు చప్పుడు, రేవులోకి వచ్చేటప్పుడు ఓడను పక్కకు నెట్టే ముందు ప్రొపెల్లర్ల మోత తెల్లవారుజామునే వినిపిస్తాయి. బాగా వెనకున్న గదుల్లో పెద్ద ప్రొపెల్లర్ల అదురు మంచం దాకా వస్తుంది.

డెక్ ప్లాన్ లేకుండా గది నంబరు ఒప్పుకోను. ఓడ వెబ్‌సైట్‌లో ప్రతి డెక్కుకూ బొమ్మ ఉంటుంది. మన డెక్కు, దాని పైది, దాని కిందది మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. పైనా కిందా కూడా గదులే ఉంటే మంచి గది. పైన ఈతకొలను డెక్ ఉంటే తెల్లవారకముందే పడకకుర్చీలు ఈడ్చే చప్పుడు వినిపిస్తుంది. కింద థియేటరో డాన్స్ ఫ్లోరో ఉంటే అర్ధరాత్రి దాటేదాకా గోడ దడదడలాడుతుంది. వంటశాల పైనున్న గదులూ వద్దు. ప్లాన్‌లో పేరేమీ రాయకుండా ఖాళీగా వదిలిన చోట్లు ఉంటాయి చూడండి, అవి సిబ్బంది తలుపులు, దుప్పట్ల గదులు, యంత్రాలు. వాటి పక్క గదికి పొద్దున్నే తోపుడు బండ్ల చప్పుడు తప్పదు. రెండు గదుల మధ్య బాణం గుర్తు ఉంటే నడుమ తలుపు ఉన్నట్టు. చుట్టాలు పక్క గదిలో ఉంటే వరం, తెలియనివాళ్లు ఉంటే వాళ్ల ఫోన్ మాటలన్నీ మనకే. ఓషన్ వ్యూ తీసుకుంటే కిటికీకి లైఫ్‌బోట్ (ప్రాణరక్షణ పడవ) అడ్డం వస్తుందా అని అడగాలి. వస్తే రేటు తగ్గాలి. ముసలివాళ్లుంటే లిఫ్టుకు ఆరేడు గదుల దూరంలో చూస్తాను, మరీ ఆనుకుని వద్దు.

'గ్యారంటీ' అని కాస్త చవగ్గా ఒక రేటు ఉంటుంది. గది రకం మనది, నంబరు వాళ్లిష్టం. మిగిలిపోయినవి అంటగడతారు కాబట్టి పైన చెప్పిన చెడ్డ చోట్లే రావచ్చు. పడుచు జంటైతే తీసుకోవచ్చు. పెద్దవాళ్లున్నా, రెండు గదులు పక్కపక్కన కావాలన్నా గ్యారంటీ జోలికి పోవద్దు. అలాగే బయల్దేరే ముందు 'ఇంత కడితే అప్‌గ్రేడ్' అని మెయిల్ వస్తుంది. ఆ మొత్తం గదికా, మనిషికా అన్నది చదవండి, ఎక్కువగా మనిషికే. పైగా నడిమధ్య గది వదిలి ఓ కొసకు పోవాల్సి రావచ్చు.

నలుగురి కుటుంబానికి ఏజెంట్లు నలుగురు పట్టే ఒకే గది చెబుతారు. ఎంప్రెస్ లాంటి ఓడలో ఇన్‌సైడ్ గది 110, 120 చదరపు అడుగుల చొప్పున ఉంటుంది. కింద రెండు మంచాలు, గోడలోంచి దించే పై బెర్తులు రెండు, ఎక్కడానికి నిచ్చెన, బాత్రూం ఒకటే. బెర్తులు దించాక నిలబడే చోటు ఒక్కరికే ఉంటుంది. పిల్లలు చిన్నవాళ్లైతే రెండు రాత్రులు సర్దుకోవచ్చు. పదేళ్లు దాటితే కారిడార్‌కు ఒకవైపు ఓషన్ వ్యూ, సరిగ్గా ఎదురుగా ఇన్‌సైడ్ తీసుకోవడం మేలు. పగలు అందరూ కిటికీ గదిలో కూర్చుంటారు, రాత్రి పిల్లలు ఎదుటి గదిలో పడుకుంటారు, బాత్రూములు రెండు. పక్కపక్కన రెండు ఓషన్ వ్యూలకన్నా ఖర్చు తక్కువ. మూడో మనిషిని తర్వాత చేర్చుకుందాం అనుకోవద్దు. గదిలో బెర్తు ఖాళీగా ఉన్నా ఆ వైపు లైఫ్‌బోట్‌లో లెక్క నిండితే టికెట్ ఇవ్వరు.

గదిలో ఉండటానికి కావలసినవి కొన్ని. ప్లగ్గులు తక్కువ, అవీ మన పిన్నుకు సరిపోకపోవచ్చు. ఒక అడాప్టరు, నాలుగు ఫోన్లు పట్టే యూఎస్‌బీ ఛార్జరు చాలు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, కెటిల్, ఇస్త్రీపెట్టె స్కానింగ్‌లోనే తీసి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో చేసిన తిండి కూడా చాలా ఓడలు పైకి రానివ్వవు. ఆవకాయ జాడీ, గోంగూర డబ్బా పోర్టు దాకా మోసుకెళ్లి బాధపడే బదులు ముందే అడగండి. గోడలు ఇనుపవి, అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళ్తే తడి తువ్వాళ్లు తగిలించుకోవచ్చు. ఇన్‌సైడ్ గదిలో తెల్లారిందో లేదో తెలియదు కాబట్టి చిన్న బెడ్‌లైటు ఒకటి. టాయిలెట్ గాలితో లాగే రకం, కాగితం తప్ప ఏం వేసినా ఆగిపోతుంది. హెల్త్ ఫాసెట్ ఉందా అని బుకింగ్ అప్పుడే అడగడానికి మొహమాటం వద్దు.

భవానీ ద్వీపానికి బోటులో వెళ్లినప్పుడు ఏమీ కాలేదు కదా అని సముద్రాన్ని కృష్ణతో పోల్చవద్దు. బ్యారేజీ వెనక నీళ్లలో అలలే ఉండవు. డాక్టరును అడిగి వాంతులు రాకుండా మాత్ర తెచ్చుకుని, ఓడ కదలకముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర నిలవదు.

తేదీ కూడా గదిలాగే డబ్బు మింగుతుంది. దసరా, క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో ఇన్‌సైడ్‌కు కట్టేదానితో మామూలు వారంలో ఓషన్ వ్యూ రావచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. వాతావరణం బాగా లేకపోతే రేవు వదిలేసే హక్కు షరతుల్లోనే ఓడకు ఉంటుంది. అప్పుడు మామూలుగా వెనక్కి వచ్చేది ఆ రేవు ఛార్జీలే, టికెట్ డబ్బు కాదు. ఒక రేవు కోసమే వెళ్తున్నవాళ్లు ఆ నెలలు తప్పించండి.

కిటికీ మీద మిగిలిన డబ్బును నేను చెన్నైలో ముందు రాత్రి గదికి పెడతాను. పొద్దున పినాకిని ఎక్కి మధ్యాహ్నం సెంట్రల్‌లో దిగి, అటు నుంచి అటే పోర్టుకు పోవచ్చని లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. రైలు రెండు గంటలు ఆలస్యమైతే ఓడ ఆగదు, టికెట్ డబ్బు రాదు. గుంటూరు వాళ్లు తెనాలిలో రైలు పట్టుకున్నా ఇదే మాట. తిరుగు రైలు కూడా దిగిన రోజు సాయంత్రం తర్వాతదే తీసుకోవాలి.

పేర్ల దగ్గర మనవాళ్లకు చిక్కు ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఏ కార్డు చూపిస్తారో దాంట్లో ఉన్నట్టే టికెట్ రాయించండి. విదేశీ రేవుంటే పాస్‌పోర్టు ఆరు నెలలకు పైగా చెల్లుబాటులో ఉండాలి, వీసా సంగతి విడిగా చూసుకోవాలి. ఆరు నెలల లోపు పసిపిల్లల్నీ, 24 వారాలు నిండిన గర్భిణుల్నీ చాలా సంస్థలు ఎక్కించుకోవు.

పోర్టులో పెద్ద సంచులు తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. మందులు, కార్డులు, ఈత బట్టలు చేతిసంచిలో ఉండాలి. గదిలోకి వెళ్లగానే ఏసీ, నీళ్లు, వాసన, తలుపు చూసి, బాగా లేకపోతే అప్పుడే రిసెప్షన్‌కు వెళ్లండి. ఖాళీ గదులు ఏవైనా ఉంటే ఆ తొలి గంటల్లోనే ఇస్తారు. ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే రక్షణ డ్రిల్లు అందరికీ తప్పనిసరి. 2012లో కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ ప్రమాదం తర్వాత నిబంధన బిగించారు, 2015 నుంచి ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో అది జరగాలి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. తీరం దాటాక ఓడ సొంత శాటిలైట్ నెట్‌వర్క్‌కు తగులుకుంటే రోమింగ్ బిల్లు గది తేడాను మించిపోవచ్చు.

దిగే ముందు రాత్రే ఖాతా బిల్లు తెప్పించి వరస వరస చదవండి. పొద్దున రిసెప్షన్ దగ్గర బారులు తీరి ఉంటారు, సందేహం అడిగే తీరిక ఎవరికీ ఉండదు.