కడపలో ఫ్రెంచి సాధన: ఏ2 దాటి బీ1 వైపు

ఫ్రాన్సులో ఆరు నెలలుంటే ఫ్రెంచి దానంతటదే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. లియోఁ నగరంలో ఒక సెమిస్టరు చదవడానికి వెళ్లిన మా అన్న కూతురి అనుభవం వేరు. పాఠాలు ఇంగ్లీషులో జరుగుతాయి. హాస్టలు వంటగదిలో స్పెయిను, ఇటలీ, జర్మనీ పిల్లలతో మాటలూ ఇంగ్లీషులోనే సాగుతాయి. కాబట్టి పనిగట్టుకుని ఏర్పాటు చేసుకుంటే తప్ప ఫ్రెంచి చెవిన పడుతుందే గాని నోటికి రాదు. 1820లో మా ఊరికి ఉద్యోగంపై వచ్చిన సి.పి. బ్రౌన్ కూడా ఊళ్లో ఉండటంతోనే సరిపెట్టుకోలేదు, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకున్నాడు. అందుకని ఆ అమ్మాయి చేసుకున్న ఏర్పాట్లలో ఇక్కడి నుంచి వీలయ్యేవాటిని, ఫ్రెంచిలో ఏ2 (ప్రాథమిక స్థాయి) దాటి బీ1 (దాని తర్వాతి మెట్టు) చేరాలని నేనూ మొదలుపెట్టాను.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది టాండెమ్ పద్ధతి. ఇద్దరు కూర్చుని అరగంట ఒకరి భాషలో, మరో అరగంట రెండోవారి భాషలో మాట్లాడుకోవడమే ఇది. అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు విద్యార్థులను ఇలా జతపరుస్తాయి. నాకు ఇంగ్లీషు కావలసిన ఒక ఫ్రెంచి మహిళ ఆన్‌లైనులో దొరికారు. వేసవిలో ఫ్రాన్సు మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది కనుక ఆమె సాయంత్రం ఆరు నాకు రాత్రి తొమ్మిదిన్నర; అక్టోబరు చివర అక్కడ గడియారాలు మార్చాక అది పదిన్నర అవుతుంది కాబట్టి ఆదివారం మధ్యాహ్నానికి మార్చుకున్నాం. ఫ్రెంచి అరగంటలో మాట తట్టకపోయినా ఇంగ్లీషులోకి దిగకూడదన్నది మా నియమం. మొన్న ఉగ్గాని గురించి చెబుతూ బొరుగుల దగ్గర ఆగిపోయి, వేడి ఇసుకలో వేయిస్తే ఉబ్బే బియ్యమని, వాటిని నీళ్లలో తడిపి, నీళ్లు పోయేలా గట్టిగా పిండేసి, పసుపు, ఉల్లిపాయలతో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతామని వివరించేసరికి, ఆమె ‘రీ సూఫ్లే’ అని అందించారు. ఆ ఒక్క మాట కోసం వాడిన క్రియలన్నీ పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నిలవనివే.

ఉచ్చారణకు మన లిపి బాగా పనికొస్తోంది. ‘మంచి’ అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాటను ‘బోన్’ అని నకారంతో ముగించకుండా అరసున్నతో ‘బోఁ’ అని రాసుకుంటే నాలుక పైకి తగలకుండా గాలి ముక్కులోంచి పోతుంది. ఫ్రెంచి ‘యు’ (u) అచ్చుకు పెదవులు ‘ఊ’కు లాగా గుండ్రంగా చుట్టి, లోపల ‘ఈ’ పలకాలి. ‘ర’ మాత్రం ఇంకా కుదరలేదు.

వినడానికి రేడియో ఫ్రాన్స్ ఇంటర్నేషనల్ వారి సులభ ఫ్రెంచి వార్తలు చాలు. పది నిమిషాల వార్తలకు రాతప్రతి కూడా దొరుకుతుంది. ముందు వినడం, ఆ తర్వాతే చదవడం.

ఫ్రెంచి భాషా ధ్రువపత్రం కోసం పెట్టే డెల్ఫ్ పరీక్షను బీ1 స్థాయిలో, ఫ్రెంచి నేర్పే సంస్థ అయిన బెంగుళూరు అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో రాయాలని ఉంది. నాలుగు భాగాలకు తలా 25 మార్కులు. మొత్తం 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. చదవడం, రాయడం గురించి బెంగ లేదు. మౌఖికంలో చిన్న పాఠం చదివి సొంత అభిప్రాయం చెప్పే అంశం కష్టం కనుక, ఇకపై ఆదివారం అరగంటలో సగం దానికే కేటాయిస్తున్నాం.