వెనక బెంచీల దగ్గర క్లిక్కర్ ఎందుకు పలకట్లేదో దొరికింది

క్లాసులో నడుస్తూ స్లైడ్లు మార్చడానికి నేనే కట్టుకున్న క్లిక్కర్ (రిమోట్) వెనక బెంచీల దగ్గర ఎందుకు పనిచేయట్లేదో దొరికిందండీ! గొడవ చేతిలో ఉన్న రిమోట్‌ది కాదు, దూరానిది కూడా కాదు, ల్యాప్‌టాప్‌కి రిసీవర్ గుచ్చిన చోటుది. నిన్న సాయంత్రం హాల్లో కొలతలు తీసేసరికి చీకటి పడింది, వాచ్‌మన్ వచ్చి తాళం వేస్తా సార్ అనేదాకా కదల్లేదు. ఇలాంటిది కడుతున్నవాళ్లకి పనికొస్తుందని అంతా రాస్తున్నా.

సెటప్ పాతదే. రిమోట్‌లో 3.3 వోల్టుల ప్రో మినీ (చిన్న ఆర్డుయినో బోర్డు), ఎన్ఆర్ఎఫ్24ఎల్01 ప్లస్ (2.4 గిగాహెర్ట్జ్ రేడియో మాడ్యూల్), రెండు ట్రిపుల్-ఎ సెల్స్. ల్యాప్‌టాప్ వైపు రిసీవర్‌లో ప్రో మైక్రో (అదీ ఆర్డుయినో బోర్డే), కీబోర్డులా పేజ్ డౌన్, పేజ్ అప్, బి కీలు కొడుతుంది అంతే. కొత్త డబ్బా బాగా కుదిరింది, బటన్లు కూడా చూడకుండా వేలికి తెలుస్తున్నాయి.

ఇక అసలు కథ. మా లెక్చర్ హాల్ 12 మీటర్ల పొడవు, ముందు స్టీలు పోడియం, దాని అరలో ల్యాప్‌టాప్, దానికి ఎప్పుడూ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ (ప్రయోగాల వీడియోలన్నీ అందులోనే ఉంటాయి). పోడియం చుట్టుపక్కల నిలబడితే రిమోట్ చక్కగా పనిచేస్తుంది. పిల్లల మధ్యలోంచి నడుచుకుంటూ నాలుగో బెంచీ దాటగానే స్లైడ్ కదలదు, ఇంకోసారి నొక్కితే ఒకేసారి రెండు దూకుతాయి, వెనక్కి రమ్మంటే రాదు. నేను ఈ రిమోట్ కట్టుకుందే వెనక బెంచీల దగ్గర నిలబడి పాఠం చెప్పడానికి, అక్కడినుంచి చూస్తేనే కదా స్లైడ్ మీద అక్షరం ఎంత చిన్నదో తెలిసేది, అక్కడే ఇది మొరాయిస్తే ఎంత చిరాకుగా ఉంటుందో చెప్పలేను.

కొలవడానికి రిమోట్‌లో ఒక టెస్ట్ మోడ్ రాశా. రీట్రైలు (చేరకపోతే మళ్లీ పంపడం) ఆపేసి 100 ప్యాకెట్లు పంపి ఎన్నింటికి ఎక్‌నాలెడ్జ్ (అందిందని రిసీవర్ ఇచ్చే జవాబు) వచ్చిందో లెక్కపెడుతుంది. 3 మీటర్ల దగ్గర 100కి 100. 8 మీటర్ల దగ్గర పోడియం వైపు తిరిగి నిలబడితే 54. అక్కడే వీపు పోడియం వైపు పెట్టి రిమోట్ పొట్ట దగ్గర పట్టుకుంటే 12! చెయ్యి పక్కకి చాపితే 31. అంటే ఒళ్లు అడ్డం రావడం ఒక కారణం, మనిషి ఒంట్లో ఉన్న నీరు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని బాగానే తాగేస్తుంది, అది తెలిసిందే. కానీ ఎదురుగా తిరిగినా 54 ఏంటి? 8 మీటర్లు ఈ మాడ్యూల్‌కి ఒక దూరమే కాదు.

ముందు వైఫై మీద అనుమానపడ్డా. హాల్ రౌటర్ 6వ ఛానెల్లో ఉంది, అంటే మధ్య ఫ్రీక్వెన్సీ 2437 మెగాహెర్ట్జ్. నా రేడియోది 76వ ఛానెల్, అంటే 2476, ఆల్రెడీ దూరంగానే ఉంది. అయినా 82కి మార్చి చూశా, 57 వచ్చింది. రౌటర్ పూర్తిగా ఆపించి చూశా, 56. సో వైఫై కాదు. డేటా రేటు 1 ఎంబీపీఎస్ నుంచి 250 కేబీపీఎస్‌కి దించితే 66కి ఎక్కింది. పవర్ అప్పటికే మ్యాక్స్‌లోనే ఉంది, అంటే 0 డీబీఎం (1 మిల్లీవాట్). పెద్ద యాంటెన్నా, సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ ఉన్న పీఏ ఎల్ఎన్ఏ మాడ్యూల్ రిసీవర్‌కి పెట్టమని మా కొలీగ్ ఒకాయన అన్నారు, నాకైతే అది నచ్చదు, రిసీవర్ పక్కనే నాయిస్ (అక్కర్లేని రేడియో గోల) ఉంటే ఆ యాంప్లిఫయర్ నాయిస్‌ని కూడా పెంచుతుంది, పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోన్ వాల్యూమ్ పెంచుకున్నట్టే ఉంటుంది.

ఆ నాయిస్ ఎక్కడిదా అని ఆలోచిస్తుంటే హార్డ్ డిస్క్ లైటు మినుక్కుమంటూ కనిపించింది. తీసేశా. 250 కేబీపీఎస్‌లో అదే 8 మీటర్ల దగ్గర, ఎదురుగా, 98! మళ్లీ గుచ్చా, 65. తీశా, 97. డిస్క్‌ని అవతలి వైపున్న పాత యూఎస్‌బీ 2 పోర్టుకి పెట్టా, 97 అలాగే ఉంది. ఇంకేం కావాలి! యూఎస్‌బీ 3లో డేటా 5 జీబీపీఎస్ వేగంతో పరిగెడుతుంది కదా, దాని నాయిస్ సరిగ్గా 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ మధ్య అంతా పరుచుకుంటుంది, కనెక్టర్ నుంచీ డిస్క్ నుంచీ కేబుల్ నుంచీ బయటికి లీకవుతుంది. ఇంటెల్ వాళ్లు 2012లోనే దీని మీద వైట్‌పేపర్ రాశారు, నాయిస్ దాదాపు 20 డెసిబెల్స్ దాకా పెరగొచ్చని అందులో ఉంది. బ్యాండ్ మొత్తం పరుచుకుంది కాబట్టే ఛానెల్ మార్చినా ఒరిగిందేం లేదు. నా రిసీవర్ డిస్క్ కేబుల్‌కి రెండు వేళ్ల ఎడంలో ఉంది, పైగా చుట్టూ స్టీలు డబ్బా.

1.5 మీటర్ల యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి రిసీవర్‌ని పోడియం పైఅంచుకి, క్లాసు వైపు, వెల్క్రోతో అంటించా. డిస్క్ యూఎస్‌బీ 3లోనే ఉంచి కొలిస్తే 8 మీటర్లు ఎదురుగా 99, వీపు తిప్పితే 91, 11 మీటర్ల దగ్గర గోడకి ఆనుకుని వీపు తిప్పితే 78. ఇవాళ పొద్దున క్లాసు నిండా పిల్లలుండగా 11 మీటర్ల కొలత మళ్లీ తీస్తే 63కి పడింది, వాళ్ల ఒళ్లూ అడ్డమే మరి, ఖాళీ హాల్లో తీసిన కొలతలు నమ్మకూడదు. పిల్లలు మాత్రం సార్ ఇంకోసారి ఇంకోసారి అని గట్టిగా లెక్కపెట్టారు. రీట్రైలు ఆన్ చేస్తే 63 చాలు, ఒక్క నొక్కూ పోలేదు.

రెండు స్లైడ్లు దూకడం సంగతి వేరే. ఇది చాలామందికి తగిలే ఉంటుంది. చిప్ తనంతట తాను 15 సార్లు రీట్రై చేస్తుంది, గ్యాప్ 1.5 మిల్లీసెకన్లు పెట్టా కాబట్టి మొత్తం 24 మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఒక్కో ప్యాకెట్‌కి 12 శాతం ఛాన్స్ ఉన్నా 16 సార్లు పంపితే లెక్క ప్రకారం 87 శాతం చేరాలి, నాకు సగం కూడా చేరలేదు. అంటే ప్యాకెట్లు విడివిడిగా కాదు, వరసగా పోతున్నాయి, డిస్క్ చదువుతున్నంతసేపూ నాయిస్ ఆగదని నా ఊహ. అందుకని 300 మిల్లీసెకన్ల దాకా మళ్లీ మళ్లీ పంపే లూప్ ఉంది నా కోడ్‌లో. అక్కడే ఉంది తిరకాసు. ప్యాకెట్ చేరి ఎక్‌నాలెడ్జ్ మాత్రం దారిలో పోతే, చిప్ చేసే రీట్రై అయితే పాతదేనని రిసీవర్ గుర్తుపట్టి పడేస్తుంది, కానీ నా లూప్ పంపేది దానికి కొత్త ప్యాకెట్ కింద లెక్క, సో ఇంకో స్లైడ్ కదులుతుంది. ఇప్పుడు ప్రతి నొక్కుకీ ఒక బైట్ సీక్వెన్స్ నంబర్ పెట్టా, అదే నంబర్ మళ్లీ వస్తే రిసీవర్ పట్టించుకోదు. దూకడం ఆగిపోయింది.

కొనుక్కునేవాళ్లకి ఒక మాట, లాజిటెక్ కంపెనీ క్లిక్కర్ ఆర్400 బటన్ల ఆకారం నాకిప్పటికీ ఇష్టం, నా డబ్బా డిజైన్ సగం దాన్ని చూసి చేసిందే. కొన్నదానికైనా ఎక్స్‌టెన్షన్ కేబుల్ వెయ్యండి, అదే నాయిస్ దానికీ తగులుతుంది. చాలా రిమోట్లలో స్లైడ్ షో బటన్ ఎఫ్5 పంపుతుంది, పవర్‌పాయింట్‌కీ లిబర్‌ఆఫీస్ ఇంప్రెస్‌కీ ఓకే కానీ బ్రౌజర్లో గూగుల్ స్లైడ్స్ తెరిస్తే పేజీ రీలోడ్ అయిపోతుంది, అందుకే నేను ఆ బటనే పెట్టలేదు. బి బటన్ మాత్రం ఉండాల్సిందే, స్క్రీన్ నల్లబడగానే అందరి కళ్లూ బోర్డు మీదకి వస్తాయి. బ్లూటూత్ ఉన్న ఈఎస్పీ32 బోర్డుతో కూడా చేసి చూశా, ప్రతి రూములో కంప్యూటర్‌కి పెయిర్ చేసుకోవడం విసుగు, యూఎస్‌బీకి గుచ్చే డాంగిలే హాయి. లేజర్ జోలికి పోను, ఆన్‌లైన్లో వినేవాళ్లకి ఆ చుక్క కనపడదు.

తర్వాత పని వైబ్రేటర్ మోటార్. పీరియడ్ అయిపోడానికి ఐదు నిమిషాల ముందు చేతిలో చిన్నగా అదరాలి, గడియారం చూసుకునే పని ఉండదు. ఈసారి కోఠి వెళ్లినప్పుడు గుజరాతీ గల్లీలో కాయిన్ మోటార్లు తెస్తా. మోటార్ తిరిగినప్పుడు రెండు సెల్స్ వోల్టేజ్ ఎంత పడుతుందో ముందు ఆసిలోస్కోప్‌లో చూడాలి, రేడియోకి 1.9 వోల్టుల కంటే తగ్గకూడదు, రీఛార్జబుల్ సెల్స్ వేస్తే మొదలే 2.4. ఎవరైనా ఈ కాంబినేషన్ చేసి ఉంటే ఏ మోటార్ వాడారో, ఎన్ని మిల్లీఆంప్స్ లాగిందో చెప్పండి.