మా పెదనాయన బర్మార్: ఏ ముక్క ఎప్పటిది?

మాది దేవరకొండ దగ్గర పల్లె. పెదనాయన పోయాక ఆయన తుపాకీని చట్టప్రకారం లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్ చేశాం. లైసెన్సులో ఉన్నది ఒక్క మాటే: ఎస్.బి.ఎం.ఎల్. అంటే మూతి నుంచి మందు కూరే ఒంటి గొట్టం తుపాకీ. మన వైపు బర్మార్ అంటాం. పేరు మార్పు కాగితాల్లో వివరాలు పూర్తిగా రాయాలన్నారు. ఇంట్లో అందరికీ అది అసలు సిసలు లండన్ తుపాకీ. లాక్ ప్లేటు, అంటే ఘోడా బిగించిన పక్క రేకు, మీద కిరీటం, 1862, టవర్ (లండన్‌లోని సర్కారీ ఆయుధశాల) అన్న ముద్ర ఉన్నాయి మరి.

డీలర్ దగ్గర పనిచేసే ముసలి మిస్త్రీని అందరూ చిచ్చా అంటారు. ఆయన ముద్రల జోలికే పోలేదు. ముందు గజాన్ని, అంటే మందు కూరే కడ్డీని, గొట్టంలోకి వదిలి, అది ఎంత లోతు పోయిందో బయట పెట్టి కొలిచాడు. లోపల పాత మందు ఉండిపోతే గజం అడుగు దాకా పోదు.

1862 టవర్ అంటే చాలావరకు 1853 రకం ఎన్‌ఫీల్డ్, అంటే ఇంగ్లీషు సైన్యం తుపాకీ, అయ్యుండాలి: 39 అంగుళాల గొట్టం, లోపల మూడు గాడులు. మాదాంట్లో గాడులే లేవు. అంతమాత్రాన గొట్టం మారిందనలేం, 1857 తర్వాత ఇంగ్లీషువాళ్లు దేశీ సిపాయిలకు నున్నటి గొట్టాలే ఇచ్చారు. తేల్చింది నిపిల్, అంటే నిప్పు పుట్టించే చిన్న టోపీని తొడిగే మొన, కూర్చునే చోటు. ఎన్‌ఫీల్డ్‌లో ఆ దిమ్మ గొట్టంలో కలిసిపోయి ఉంటుంది. మాదాంట్లో గుండ్రటి ముక్కను పక్క నుంచి మరతో బిగించారు. చెకుముకి తుపాకీకి నిప్పు అందే రంధ్రాన్ని పెద్దది చేసి, టోపీ తుపాకీగా మార్చే పద్ధతి ఇది. అంటే గొట్టం లాక్ కన్నా పాతది కావచ్చు!

ఘోడా, అంటే టోపీని కొట్టే సుత్తి, మెడ దగ్గర కాల్చి వంచినట్టుంది. వంచకపోతే నిపిల్ మీద పడదు. కుందా, అంటే తుపాకీ చెక్క, టేకుది, ఇంగ్లీషు వాల్‌నట్ కాదు. లాక్ కోసం తొలిచిన గుంట పెద్దదైపోయి సందుల్లో లక్క నింపారు. ఒక మర తల అరిగి ఉంటే, పక్కదాని అంచులు ఇంకా పదును.

దీన్ని నకిలీ అంటే నేను ఒప్పుకోను. అడవి పందుల నుంచి చేను కాపాడుకోను ఎవరో దొరికిన ముక్కలతో నిలబెట్టారు. అమ్మకం కోసం చేసేది వేరు. కొత్త ఇనుముకు యాసిడ్ పూసి తుప్పు తెప్పిస్తారు. అప్పుడు చెక్క కింద దాగే వైపు కూడా బయటి వైపులాగే తుప్పు పట్టి ఉంటుంది. మాదాంట్లో లోపలి వైపు శుభ్రంగా ఉంది. మా తమ్ముడు ఇసుక కాగితంతో రుద్ది మెరిపిద్దామన్నాడు, వద్దన్నాను. ముద్రలూ ఆకురాయి గీతలూ పోతే ఇక చూడ్డానికి ఏముంది?

చివరికి కాగితంలో లాక్ 1862 టవర్‌ది, గొట్టం వేరు, చెకుముకి నుంచి మార్చినది, కుందా స్థానికం అని రాయించాం. పెద్దమ్మకు నచ్చలేదు. రజాకార్ల దగ్గర గుంజుకొచ్చిన తుపాకీ అని ఆమె మాట. దానికి తుపాకీ మీద అవునన్న ఆనవాలూ లేదు, కాదన్నదీ లేదు. అందుకని అది మాత్రం రాయించలేదు.